టర్బో కారుకు పవర్ పెంచే ముందు పెట్రోల్ లెక్క చూడండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు కుర్రాళ్లకు చిన్న టర్బో కార్లంటే (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉన్నవి) మహా మోజు. పోలో జీటీ టీఎస్‌ఐ 2022లోనే ఆగిపోయినా, సెకండ్ హ్యాండ్‌లో వెతికి మరీ కొంటున్నారు. కొన్నాక ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సెట్టింగులు మార్చే రీమ్యాప్, ఆ తర్వాత పొగ వెళ్లే ఎగ్జాస్ట్, గాలి వచ్చే ఇన్‌టేక్ మార్పులు. డబ్బంతా ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోయడానికే పోతోంది. ఆ గాలికి సరిపడా పెట్రోల్ అందుతోందా అని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే.

మామూలుగా నడిచేటప్పుడు 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోల్ చాలు. ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో పూర్తిగా గాలి తోసేటప్పుడు, దాదాపు 12 వంతుల గాలికే ఒక వంతు పెట్రోల్ కావాలి. ఆ అదనపు పెట్రోలే సిలిండర్‌లో వేడిని అదుపులో ఉంచుతుంది. అది తగ్గిందంటే నాకింగ్, అంటే పెట్రోల్ మిశ్రమం తనంతట తానే పేలడం, మొదలవుతుంది. నాక్ సెన్సర్ కొంతవరకు కాపాడుతుంది. దాని చేయి దాటిపోతే దెబ్బ పిస్టన్ మీదే.

పోలో టీఎస్‌ఐ, ఐ20 ఎన్ లైన్ లాంటి వాటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. ట్యాంకులోని కరెంటు పంపు కొద్ది బార్ల ప్రెషర్‌తో పెట్రోల్ పంపితే, క్యామ్‌షాఫ్ట్ తిప్పే హై ప్రెషర్ పంపు దాన్ని వంద బార్లు దాటిస్తుంది. చిక్కు ఏమిటంటే టైమ్ ఉండదు. 6000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్ గాలి పీల్చుకునే ఇన్‌టేక్ స్ట్రోక్ మొత్తం 5 మిల్లీ సెకన్లే. కావలసిన పెట్రోల్‌లో చాలా భాగం ఆలోపే పడిపోవాలి. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ను ఇంకాసేపు తెరిచి ఉంచుదామంటే కుదరదు. ప్రెషర్ నిలబడాలి, లేదా ఇంజెక్టర్ పెద్దది కావాలి.

అందుకే పార్టులు కొనే ముందు లాగ్ (బండి నడుస్తుండగా ఈసీయూ నుంచి తీసే రికార్డు) తీయించాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 2500 నుంచి 6000 దాకా లాగితే స్క్రీన్ మీద రెండు గీతలు వస్తాయి: ఈసీయూ అడిగిన రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలోని ప్రెషర్) ఒకటి, నిజంగా వచ్చింది ఒకటి. రెండూ అతుక్కుని నడిస్తే దిగులు లేదు. 5000 దాటాక రెండో గీత కిందికి జారితే పెట్రోల్ చాలడం లేదనే అర్థం. అది మరీ ముదిరితే పీ0087 కోడ్‌తో చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. అప్పుడు కూడా ముందు చూడాల్సింది ఫిల్టర్, ట్యాంకులోని పంపు. కింది పంపు నీరసిస్తే పైన ఎంత ఖరీదైన పంపు పెట్టినా దండగే.

బెంగళూరు వాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం సముద్ర మట్టం కంటే సుమారు 10 శాతం తక్కువ. ఇక్కడ టర్బోను దాని హద్దు దాకా వాడే రీమ్యాప్ చేయించుకుని, పండక్కి ఎన్‌హెచ్ 44 మీద బాగేపల్లి దాటి అనంతపురం వైపు దిగితే, అదే టర్బోకు గాలి ఎక్కువ దొరుకుతుంది. పెట్రోల్ అవసరమూ పెరుగుతుంది. పైగా అక్కడి ఎండ. ఊళ్లో అంచు మీద నడిచిన పంపు అక్కడ చేతులెత్తేస్తుంది.

దీనికి ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, తోడైంది. ప్రధాని దాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించింది ఈ బెంగళూరులోనే. ఇథనాల్‌కు 9 వంతుల గాలి చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పడాలి. ఇథనాల్ కలవని పెట్రోల్‌తో పోలిస్తే ఈ20 బరువు లెక్కన 8 శాతం పైనే ఎక్కువ కావాలి. రీమ్యాప్ చేయకుండానే పంపుకున్న వెసులుబాటులో కొంత ఇలా కరిగిపోయింది. పాత కార్లలో రబ్బరు పైపులు, ఓ రింగులు కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఇంత చెప్పాక కూడా అందరూ పెద్ద ఇంజెక్టర్లు వేయించుకోవాలని నేను అనను. స్టేజ్ 1తో, అంటే రీమ్యాప్ ఒక్కదానితోనే, ఆగేవాళ్లకు చాలా కార్లలో కంపెనీ పంపు, ఇంజెక్టర్లే సరిపోతాయి. అనవసరంగా పెద్దవి పెడితే సిల్క్ బోర్డు జామ్‌లో ఐడిల్ కూడా కుదురుగా ఉండదు, ఎందుకంటే అవి బొట్టు బొట్టుగా కచ్చితంగా కొట్టలేవు. టర్బోనే మార్చాలనుకునేవాళ్లు మాత్రం పంపు, ఇంజెక్టర్ల ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. బండికి మార్పులు చేయడం గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇబ్బంది కూడా చూసుకోవాలి. రైల్ ప్రెషర్ లాగ్ చూపించని ట్యూనర్‌కు మాత్రం అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.