మహారాజశ్రీ మూడు తలుపుల వార్డ్‌రోబ్ గారికి

అయ్యా,

ముందు మీ వంశం సంగతి. బయట టేకు గీతలు, తళతళలు. ఆ గీతలు అచ్చేసిన కాగితమని, లోపలున్నది చెక్క పొట్టులో జిగురు కలిపి వేడి మీద నొక్కిన పార్టికల్ బోర్డని మీ అంచు పట్టీ ఊడిన రోజున తెలిసింది. 1940లలో జర్మనీలో మంచి కలపకు కరువొచ్చినప్పుడు పైకొచ్చిన వంశమట మీది. బరువు మాత్రం ఘనపు మీటరుకు 600 కిలోల పైమాటే. టేకు దర్జా అంతా ఉంది, ఒక్క గట్టితనం తప్ప.

మీరొచ్చిన కొత్తలో తలుపు తీస్తే కళ్లు మండేవి. కొత్త సామాను వాసన కదా అని మురిసిపోయాం. అది మీ జిగురు వదిలే ఫార్మాల్డిహైడ్. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో వేసింది. మీరు లోపల, మేం కిటికీ దగ్గర.

ఇక నీళ్లంటే మీకెంత టెన్షనో! తడిగుడ్డ పెట్టి గది తుడిచిన ప్రతిసారీ మీ అడుగు అంచు ఆ తడి పీల్చింది. ఇప్పుడు పన్నునొప్పి వచ్చిన చెంపలా వాచి కూర్చుంది. ఆరినా తగ్గలేదు. నొక్కిన పొట్టు ఒకసారి విచ్చుకుంటే మళ్లీ అణగదట.

మూడో తలుపు బందు ఊడితే కార్పెంటర్ వచ్చాడు. స్క్రూ అదే బెజ్జంలో గిరగిరా తిరిగిందే తప్ప పట్టలేదు, లోపలంతా పొడి. అగ్గిపుల్లలు జిగురులో ముంచి బెజ్జంలో దోపి, స్క్రూ బిగించి, "కదపకండి" అని చెప్పి వెళ్లాడు. అంతే, మంచం జరిగింది, బల్ల గుమ్మానికి అడ్డమొచ్చింది, మీరు మాత్రం కదల్లేదు. అసలు మీరు పక్కకు ఒరగకుండా నిలబడ్డారంటే వెనక మేకులు కొట్టిన ఆ పల్చటి షీటు పుణ్యం. పాపం, దాని మొహం చూసినవాళ్లు లేరు.

మీ కడుపులో ఉన్నవేమిటయ్యా అంటే, ఏ ఫోనువో తెలియని చార్జర్లు, సన్నబడ్డాక వేసుకోవాల్సిన ప్యాంట్లు, తాళంచెవి పోయిన సూట్‌కేసు, సూట్‌కేసు పోయిన తాళంచెవులు.

వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. విప్పితే మళ్లీ బిగించడం కుదరదన్నాడు కార్పెంటర్. విప్పకపోతే మీరు గుమ్మం దాటరు. అందుకని కొత్తగా దిగేవాళ్లకు "వార్డ్‌రోబ్ ఉచితం" అని చెప్పేశాం. తెగ సంతోషించారు. మూడో తలుపు తీయబోతే చల్లగా మాట మార్చాను.

ఇట్లు,
ఆ తలుపును రోజూ మోకాలితో నొక్కి మూసే మీ విధేయుడు