‘ఆవిడకి అక్కడేం పని?’ అనే ప్రశ్న గారికి ఓ ఉత్తరం

ప్రశ్న గారూ, నమస్కారం.

కెన్యాలో మీ కాపురం దివ్యంగా సాగుతున్నట్టుంది. పేపర్లూ టీవీ చర్చలూ ఫేస్‌బుక్కూ, ఎక్కడైనా సరే, ఒక ఆడమనిషికి ఏదన్నా జరిగిందంటే పోలీసులకన్నా ముందు మీరే వచ్చి వాలతారు. (మా తెలుగు పేపర్లలోనూ మీ చుట్టాలు చాలామందే ఉన్నారు, వాళ్ళ సంగతి ఇంకోసారి.)

1989 గుర్తుందా? నైరోబీ నడిబొడ్డున జనం కాస్త గాలి పీల్చుకునే ఉహురు పార్కులో 60 అంతస్తుల బిల్డింగు లేపుతామన్నారు, పక్కన అధ్యక్షుడు మోయ్ గారి భారీ విగ్రహంతో సహా. ఎవరి కోసమయ్యా అంటే అధికార పార్టీ పేపరు కెన్యా టైమ్స్ కోసమట! గ్రీన్ బెల్ట్ ఉద్యమం పెట్టి పల్లెటూరి ఆడవాళ్ళతో మొక్కలు నాటిస్తున్న వంగారీ మాతాయ్ ఇదేం అన్యాయమని కనపడ్డ ఆఫీసుకల్లా ఉత్తరాలు రాసింది. పార్కులో బిల్డింగుకేం పని అని కదా అడగాలి. మీరు మాత్రం తిన్నగా పార్లమెంటులో దూరారు. వీళ్ళంతా విడాకులు తీసుకున్న ఆడవాళ్ళ గుంపు అని ఎంపీలు వెటకారం చేశారు. సంప్రదాయం తెలిసిన ఆఫ్రికా ఆడది మగవాళ్ళని గౌరవించి నోరు మూసుకోవాలని సాక్షాత్తూ అధ్యక్షుల వారే సెలవిచ్చారు. విడాకులకీ అంతస్తులకీ ముడేమిటో, బోడిగుండుకీ మోకాలికీ ఉన్నదే అనుకుంటా. ప్రభుత్వం గ్రీన్ బెల్ట్ సంస్థ చేత ఆఫీసు ఖాళీ చేయిస్తే ఆవిడ తన ఇంట్లోంచే పని నడిపింది. చివరికి పెట్టుబడిదారులు మెల్లగా జారుకున్నారు, పార్కు మిగిలింది. 2004లో ఆవిడకి నోబెల్ శాంతి బహుమతి వస్తే మీరెక్కడా కనపడలేదు, పాపం ఒంట్లో బాగాలేదేమో.

2014 నవంబరులో మాత్రం బాగా పుంజుకున్నారు. నైరోబీలో ఒక బస్సు స్టేజి దగ్గర మగ గుంపొకటి ఒకావిడ పొట్టి బట్టలు వేసుకుందని పట్టపగలు అవి లాగేసింది, వీడియో తీసి ఊరంతా పంచింది. మీరేమో టేపు పట్టుకుని స్కర్టు కొలిచే పనిలో పడ్డారు. కిలిమాని మమ్స్ అని ఫేస్‌బుక్‌లో తల్లుల గ్రూపొకటి ఉంది, పిల్లల సంగతులూ ఇంటి సంగతులూ మాట్లాడుకునే గ్రూపు, వాళ్ళే పూనుకుని ‘నా బట్టలు నా ఇష్టం’ అంటూ నవంబరు 17న వందలమందిని రోడ్డు మీదికి తెచ్చారు, కొందరు కావాలనే మినీ స్కర్టులు వేసుకుని మరీ వచ్చారు. నెల తిరిగేసరికి, అలా బలవంతంగా బట్టలు లాగితే పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు అని చట్టంలోకి ఎక్కింది. అందులో స్కర్టు పొడవు ప్రస్తావన లేదు, మీరు బాధపడి ఉంటారు.

మీకు సొంతిల్లు లాంటి పేపరాఫీసుల్లోనూ మీకు సుఖం లేదనుకోండి. కెన్యాలో మహిళా జర్నలిస్టులు 1983లోనే సంఘం పెట్టుకున్నారు. పక్కన టాంజానియాలో 1987లో పెట్టుకున్నవాళ్ళు సొంత పత్రిక తీసి, లైంగిక నేరాల మీద 1998లో ప్రత్యేక చట్టం వచ్చేదాకా వెంటపడ్డారు. అయినా మీరు డెస్కు వదల్లేదు, మీ ఓపిక మెచ్చుకోవాలి.

2024 జనవరిలో అద్దె గదుల్లో వరసగా ఆడవాళ్ళ హత్యలు జరిగితే మళ్ళీ మీరే: ఆ గదికి ఎందుకెళ్ళింది, ఎవరితో వెళ్ళింది, ఇన్‌స్టాలో ఏం ఫోటోలు పెట్టింది? అప్పటికే కొందరు పాత వార్తలన్నీ ఏరి లెక్క కట్టారు. 2016 నుంచి 500 పైచిలుకు హత్యలు, అవీ పేపరుకెక్కినవే. చాలామందిని చంపింది మొగుడో, ప్రియుడో, తెలిసినవాడో. చాలా హత్యలు సొంతింట్లోనే. సొంతింట్లో ఆవిడకేం పని అని కూడా అడిగేస్తే ఓ పనైపోయేది కదండీ! జనవరి 27న వేలమంది నిరసనగా నడిచారు. నైరోబీ మహిళా ఎంపీ మైకు అందుకుంటే ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అరిచి మాట్లాడనివ్వలేదు.

అదే ఏడు డిసెంబరు 10న, సరిగ్గా మానవ హక్కుల దినం నాడు, ఈ హత్యలు ఆపండని మళ్ళీ నడిస్తే పోలీసులు టియర్ గ్యాస్ కొట్టారు. అక్కడ పోలీసులకేం పని అని ఒక్కసారి అడిగి ఉండాల్సింది. మీకు కొత్తగా నేర్చుకునే శ్రమ కూడా లేదు, ఒక్క పేరు మారిస్తే సరిపోయేది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు