చదవలేకపోతున్నాడా, అర్థం కావడం లేదా?

పదేళ్ల పిల్లవాడు పుస్తకం పక్కన పడేస్తే పెద్దవాళ్లు ఠక్కున ఇచ్చే తీర్పు ‘బద్ధకం’. దానికి ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక పేజీ వాడి చేత పైకి చదివించండి. అదే స్థాయి పేజీ మరొకటి మీరు చదివి వినిపించండి. రెండిట్లో ఏం జరిగిందో వాడి మాటల్లో చెప్పమనండి. విన్నది చెప్పి చదివింది చెప్పలేకపోతే చిక్కు అక్షరాల దగ్గరే. రెండూ చెప్పలేకపోతే మాటల అర్థాల దగ్గరో, విషయం కొత్త కావడం దగ్గరో ఉంది.

గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించింది ఈ లెక్కే: అక్షరాన్ని పలకడం, భాషను గ్రహించడం కలిస్తే చదువు. అయితే అది కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా.

ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడికి వాక్యం చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండదు. వీడికి పుస్తకాల గుట్ట అక్కర్లేదు. వంద మాటల పేరా ఒకటి ముందు మీరు చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆపైన వాడొక్కడే రెండు మూడుసార్లు. తడబడగానే అందించకుండా నాలుగైదు సెకన్లు ఆగండి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు.

గడగడా చదివేవాడి సంగతే మోసం చేస్తుంది. ‘రవి కిటికీలోంచి ఆకాశం చూసి, గొడుగు సంచిలో పెట్టుకున్నాడు.’ ఏం పెట్టుకున్నాడంటే గొడుగు అంటాడు, మార్కు పడిపోతుంది. ఎందుకని అడిగితే నోరు మెదపడు. వాన అన్న మాట వాక్యంలో లేదు మరి! పాఠం చివర ఎక్కువగా ‘ఏం’ ప్రశ్నలే ఉంటే ఈ లోపం ఏళ్ల తరబడి దాగిపోతుంది.

విషయం ముందే తెలిసి ఉండటం ఎంత పనిచేస్తుందో 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు చూపించారు. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకు బేస్‌బాల్ ఆట వర్ణన ఇస్తే, చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవాళ్లు, ఆట తెలియని చురుకైన పాఠకులను మించిపోయారు. అందుకే జంతువులో, యంత్రాలో, వాడికి పిచ్చి ఉన్న విషయంతోనే మొదలుపెట్టాలి.

పదకొండేళ్లవాడి చేతిలో ఆరేళ్లవాళ్ల బొమ్మల పుస్తకం పెట్టడం మాత్రం తప్పు. తోటివాళ్లు చూస్తారన్న సిగ్గుకే మూసేస్తాడు. వాక్యాలు చిన్నవి కావాలి గానీ కథ వాడి వయసుదే ఉండాలి. కామిక్స్ అయినా ఫరవాలేదు. వంద మాటల్లో ఐదారు తెలియకపోతే ఆ పుస్తకం వాడికి ఒంటరిగా ఇవ్వకండి, మీరే చదివి వినిపించండి. పేజీకో ప్రశ్న వేశారా, అది విచారణ అయిపోతుంది. అధ్యాయానికి ఒక్క ‘ఎందుకు’ అడగండి. కథ ఉత్కంఠలో ఉన్నచోట ఆపి, పుస్తకం వాడి దగ్గరే వదిలేసి లేచిపోండి.