ఎస్సేలో ఆయుర్వేదం: మోతాదు, అనుపానం, పథ్యం

అమెరికాలో మెడికల్ సీటుకు అప్లై చేసే మన పిల్లలకు ఏటా మే నెలలో ఉన్నట్టుండి అమ్మమ్మ గుర్తుకొస్తుంది. మిగతా పదకొండు నెలలూ వాట్సాప్‌లో "హాయ్ అమ్మమ్మా, బై అమ్మమ్మా" తప్ప మూడో మాట ఎరగని కుర్రాడు, ఆమ్‌కాస్ అప్లికేషన్ తెరుచుకోగానే ఆవిడ పసుపుపాలు, మిరియాల కషాయం, వాము పొట్లం తలుచుకుని కరిగిపోతాడు.

పాపం, వాడిని అనడానికేం లేదు. ఆమ్‌కాస్ అంటే ఎండీ కాలేజీల (అక్కడి ఎంబీబీఎస్‌కు ఎండీ అని పేరు) ఉమ్మడి అప్లికేషన్. అది "డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు?" అని అడిగి, ఎస్సేకి 5,300 అక్షరాల చోటిస్తుంది, మధ్య ఖాళీలతో సహా. ల్యాబులో రీసెర్చ్ అందరికీ ఉంది. ఆసుపత్రిలో వాలంటీరింగ్ అందరికీ ఉంది. ఎవరి అమ్మమ్మ మాత్రం వాళ్లకే సొంతం. చిక్కల్లా ఒకటే, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కో దాకా అందరి అమ్మమ్మలూ పసుపే వాడారు.

మన దగ్గర ఈ బాధ లేదు. నీట్‌లో 720 మార్కులుంటాయి గానీ, వైద్యం మీద నీకెందుకు ఆసక్తి అని ఒక్క మార్కుకైనా అడగరు. ర్యాంకు వచ్చాక ఆసక్తి దానంతటదే వస్తుంది. ఎంబీబీఎస్ దొరికినవాడికి అల్లోపతే వైద్యం. దొరకనివాడికి కౌన్సెలింగ్ రౌండ్లు జరిగేకొద్దీ మొదట దంతాల మీద, తర్వాత చరకుడి మీద, ఆఖరికి హోమియోపతి పుట్టించిన హానిమన్ మీద గౌరవం పెరుగుతుంది. అమెరికాలో వరస తిరగబడింది. అక్కడ ఆసక్తి ముందు చూపించాలి, సీటు తర్వాత. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు మోతాదు. ప్రత్యామ్నాయ వైద్యం గురించి రాసేటప్పుడు హోమియోపతి సూత్రాన్నే పాటించాలి: ఎంత పలచనైతే అంత శక్తి. 30సీ అంటే తెలుసుగా, ఒక చుక్క మందును 99 చుక్కల్లో కలిపి, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99లో కలిపి, అలా 30 సార్లు. ఆఖరికి సీసాలో మందు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు సున్నా. ఎస్సేలో ఆయుర్వేదం సరిగ్గా అలా ఉండాలి. చదివినవాడికి ఏదో ప్రాచ్య పరిమళం తగలాలి. వెతికితే ఒక్క అభిప్రాయం దొరకకూడదు.

తర్వాత అనుపానం. చూర్ణాన్ని తేనెతో పుచ్చుకున్నట్టు, ఎస్సేలో ఆయుర్వేదాన్ని "ఎవిడెన్స్-బేస్డ్"తో పుచ్చుకోవాలి. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఆయుర్వేద ఎనిమిది అక్షరాలు, దాని కాపలాదారు మధ్య గీతతో సహా పద్నాలుగు. ఖర్చెక్కువే, కానీ సెక్యూరిటీ లేకుండా బయటికి పంపలేం. "ఆల్టర్నేటివ్" అన్న మాట అసలు ముట్టుకోవద్దు. అమెరికా ప్రభుత్వమే ముట్టుకోవడం మానేసింది. వాళ్ల జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో 1990ల మొదట్లో పెట్టింది ఆల్టర్నేటివ్ మెడిసిన్ ఆఫీసు. 1998లో అది కాంప్లిమెంటరీ అండ్ ఆల్టర్నేటివ్ సెంటరయింది. 2014లో కాంప్లిమెంటరీ అండ్ ఇంటిగ్రేటివ్ అయింది. అంత పెద్ద సంస్థే రెండుసార్లు డ్రాఫ్టు మార్చుకుంటే, మనవాడు ఏడుసార్లు మార్చడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఇక పసుపు సంగతి. మిసిసిపీ విశ్వవిద్యాలయ మెడికల్ సెంటర్‌కు 1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంటు వచ్చింది. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలూ పత్రికలూ పట్టుకెళ్లి దాన్ని సవాలు చేసింది. ఇందులో కొత్తదనం ఏమీ లేదని అమెరికా పేటెంట్ ఆఫీసు 1997లో దాన్ని రద్దు చేసింది. మనం గెలిచామని పండగ చేసుకున్నాం. పసుపులో కొత్తదనం లేదని మనమే అంతదూరం వెళ్లి నిరూపించి వచ్చాక, అదే దేశంలో అడ్మిషన్ కమిటీకి పసుపు కథ కొత్తగా ఉండాలంటే ఎలా?

కొత్తదనం కావాలి కదా అని మరీ దూరం పోవద్దు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసం రోగుల చేత మందు కూరిన బతికున్న చేపపిల్లను మింగించే దృశ్యం మొదటి పేరాకు అద్భుతంగా ఉంటుంది, కాదనను. అక్కడ క్యూ సర్దిన గంటలను "క్లినికల్ ఎక్స్‌పీరియన్స్" కింద చూపిస్తే మాత్రం, అప్లికేషన్‌లో రాసుకున్న మిగతా 14 యాక్టివిటీల మీద కూడా కమిటీకి చేప వాసన వస్తుంది.

పథ్యం ఇంటర్వ్యూ రోజు వరకూ సాగాలి. "కీమో వద్దు, మూలికలు చాలంటోంది పేషెంటు. ఏం చేస్తావు?" అనేది అక్కడ అరిగిపోయిన ప్రశ్న. "ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తాను, ఆమె భయాలేమిటో వింటాను, టీమ్‌తో చర్చిస్తాను" అనేది అంతకన్నా అరిగిపోయిన జవాబు. జవాబు చెప్పాక రెండు సెకన్లు నేల చూపులు చూస్తే చాలు, దయ ఉందని రాసుకుంటారు. ఎదుటివాడు మరీ చదువరి అయితే, బోస్టన్ చుట్టుపక్కల దక్షిణాసియా షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడ్డ అధ్యయనం, 2004లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది, తీస్తాడు. అప్పుడు "మా అమ్మమ్మ మందులు స్వచ్ఛమైనవండీ" అనకూడదు. ఆ షాపులకు వచ్చినవాళ్లందరికీ అమ్మమ్మలున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన నిషేధం ఒకటుంది. నిజంగా జరిగింది రాయకూడదు. ఉదాహరణకి: అమ్మమ్మ ఆర్నెల్ల వీసా మీద వచ్చింది. సూట్‌కేసులో చీరల మడతల మధ్య కాకరకాయ మాత్రలు, షుగర్ చూర్ణం. వాటి చోటు దేవుడి అలమరలో, కుంకుమ భరిణె వెనక. డాక్టర్ దగ్గరికి మనవడే తోడెళ్లాడు, తర్జుమాకి. "మెట్‌ఫార్మిన్ కాకుండా ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ కంప్యూటర్ వైపు చూస్తూనే అడిగింది. అమ్మమ్మ వీడి మోచెయ్యి పట్టుకుని "ఏమీ లేవని చెప్పు నాన్నా, తిడతారు" అంది. వీడు "నథింగ్ ఎల్స్" అన్నాడు. డాక్టర్ టైప్ చేసుకుంది. వారం తర్వాత తెల్లారగట్ల అమ్మమ్మకి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికితే, వీడే చక్కెర నీళ్లు తాగించాడు. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ ఒట్టు వేయించుకుంది.

ఇందులో అమ్మమ్మ భయపడింది, డాక్టర్ అడగాల్సింది అడిగి సరిపెట్టుకుంది, మనవడు అబద్ధం చెప్పాడు. మెరిసినవాడెవడూ లేడు. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన సర్వే ప్రకారం, ఇలాంటి వైద్యాలు వాడే అమెరికన్లలో 72 శాతం మంది తమ డాక్టర్‌కు చెప్పనేలేదు. అంటే ఆ గదిలో జరిగిందేమిటో తెలిసిన పిల్లవాడు రేపు డాక్టరైతే పేషెంట్లకు నాలుగు మేళ్లు జరుగుతాయి. కానీ ఇది ఎడిటింగ్ కన్సల్టెంటుకు చూపిస్తే ఎర్రగీత కొట్టి "సమ్‌థింగ్ వార్మర్?" అని మార్జిన్‌లో రాస్తాడు. గంటకి వాడు తీసుకునేదాన్ని బట్టి చూస్తే వాడి మాట వినడమే మర్యాద. పసుపుపాలు వార్మ్‌గానే ఉంటాయి.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని, నాన్న పట్టుబట్టి ఇరికించిన "అయిదు వేల ఏళ్ల మన వైద్య వారసత్వం" అన్న వాక్యాన్ని రాత్రికి రాత్రి తీసేసి, 30సీ మోతాదులో పంపిన ఎస్సేకి ఫలితం వచ్చింది. సీటొచ్చింది. డీవో కాలేజీలో.

డీవో అంటే ఆస్టియోపతి డాక్టరు. ఎముకలూ కండరాలూ చేత్తో సర్ది నయం చేయాలనే ఆ ఆస్టియోపతి పుట్టింది 1874లో. పుట్టించిన ఆండ్రూ టేలర్ స్టిల్ అప్పటి మందులంటే పడనివాడు, మెరుపు వేగంతో ఎముకలు సరిచేస్తానని ప్రకటించుకున్నవాడు. 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. ఒకప్పుడు నకిలీ వైద్యమన్నారు. 1962లో కాలిఫోర్నియాలో రెండు వేల మందికి పైగా డీవోలు 65 డాలర్లు కట్టి ఎండీలైపోయారు. ఇప్పుడు డీవోలు యాభై రాష్ట్రాల్లోనూ పూర్తిస్థాయి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. వైద్య విద్యార్థుల్లో దాదాపు నలుగురిలో ఒకరు ఆ కాలేజీల్లోనే చదువుతున్నారు. ప్రత్యామ్నాయ వైద్యమొకటి నిజంగా అసలు వైద్యంలోకి నడిచొచ్చిన కథ కావాలంటే ఇంతకు మించింది లేదు. కుర్రాడు ఇదంతా వాళ్ల నాన్నకి డైనింగ్ టేబుల్ దగ్గర ఓపిగ్గా వివరించాడు.

అయిదు వేల ఏళ్ల వారసత్వం మనిషి అంతా విని, పెరుగన్నం కలుపుతూ, "అయితే పుత్తూరు కట్టు లాంటిదన్నమాట" అన్నాడు. "వెయిట్‌లిస్టులో ఎండీవి ఎన్నున్నాయిరా?"