గల్లాపెట్టె గారికి ఒక విన్నపం

శ్రీయుత గల్లాపెట్టె గారికి,

ఉభయకుశలోపరి. ఇది ఆనవాయితీ కొద్దీ రాసిన మాట, నమ్మకండి. తమరు మాత్రం కుశలమే, నిండుగా ఉన్నారు. నేనే పండగ సీజన్ మొదలైనప్పటి నుంచి నిలబడి భోంచేస్తున్నాను, కూర్చుంటే కునుకు పట్టేస్తుందని.

తమరు ‘టింగ్’మని తెరుచుకున్న ప్రతిసారీ చూసేవాళ్ళకు నేను ధనవంతుడిలా కనిపిస్తున్నాను. మొన్న మా బావమరిది కొట్టుకొచ్చి ముందు మిమ్మల్ని చూశాడు, ఆ తర్వాత నన్ను పలకరించాడు. “ఈసారి బాగానే ఉన్నట్టుంది బావా” అన్నాడు. అప్పు అడగబోయే మనిషి గొంతు నాకు తెలుసు. రోజూ హోల్‌సేలర్‌తో నేను మాట్లాడేది ఆ గొంతుతోనే.

నిజానికి మీ కడుపులో ఉన్నదాంట్లో పెద్ద వాటా అరువుకు సరుకిచ్చినవాళ్ళది. ఇంకొంత పన్నుది. కొంత, ఇంకా సరుకు అందించని ఆర్డర్ల అడ్వాన్సు. మరికొంత, పండగ మర్నాడు “సైజు సరిపోలేదండీ” అంటూ తిరిగొచ్చే వస్తువులది. అవన్నీ పోగా నాది ఎంతుందా అని అడుగున చేయి పెడితే చిల్లర తగులుతోంది. పైగా సరుకు దించుకున్న రోజున ఎక్కడో దూరంగా కనిపించిన 30 రోజుల గడువు, సరిగ్గా కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చునే వారంలో వచ్చి వాలుతుంది.

డిస్కౌంటు సంగతి కూడా మీకు విన్నవించుకోవాలి. పక్కవాళ్ళు 20 శాతం తగ్గించారని నేనూ బోర్డు పెట్టాను. 70కి కొని 100కి అమ్మే వస్తువు మీద నాకు మిగిలేది 30. 80కి అమ్మితే మిగిలేది 10. అంటే పాత లాభమే రావాలన్నా మూడింతలు అమ్మాలి. మూడింతల బేరాలు, మూడింతల ప్యాకింగు, మూడింతల కాళ్ళనొప్పులు. ఆ రోజు తమరు ఇరవైసార్లు ఎక్కువ టింగ్‌మన్నారు. నేను మురిసిపోయాను కూడా. లెక్క వేసుకున్నది రాత్రి షట్టర్ దించాక.

ఆ రాత్రుల గురించే అసలు ఫిర్యాదు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతులూ బుర్రా, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి మాదిరే పనిచేస్తాయని 1997లోనే పరిశోధకులు తేల్చారు. నేను చుక్క ముట్టకుండానే రోజూ ఆ స్థితికి చేరుకుని, సరిగ్గా అప్పుడే ఆర్డర్లు పెట్టడానికి కూర్చుంటున్నాను. అట్టపెట్టెలు 200 అని కొట్టబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టాను. రెండు వేల అట్టపెట్టెలు వచ్చాయి. ప్రస్తుతం మా ఇంట్లో స్నానాల గదికి పక్కవాటుగా నడిచి వెళ్తున్నాం. మా ఆవిడ ఏమీ అనడం లేదు. అదే భయంగా ఉంది.

సీజన్ కోసం పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. పని నేర్పడం పూర్తయ్యేసరికి సీజన్ పూర్తవుతుంది. మంచివాళ్ళే.

ఈ మధ్య తమరి వంశ చరిత్ర తెలుసుకున్నాను. టింగ్‌మనే మీ జాతికి మూలపురుషుడు జేమ్స్ రిటీ అనే అమెరికన్, డేటన్ ఊళ్ళో బార్ నడిపేవాడు. పనివాళ్ళు డబ్బు నొక్కేస్తున్నారన్న బెంగ ఆయనది. 1878లో ఓడ ప్రయాణంలో, ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రం ఆయన కంట పడింది. ప్రయాణంలోనూ కొట్టు ధ్యాసే అన్నమాట, మనవాడే! తమ్ముడితో కలిసి 1879లో మీ పూర్వీకుణ్ణి తయారు చేసి పేటెంటు తీసుకున్నాడు. పెట్టిన పేరు ‘లంచానికి లొంగని క్యాషియర్’. తర్వాత జరిగిందే నాకు బాగా నచ్చింది. బారూ, ఈ యంత్రాల తయారీ రెండూ నెత్తిన పెట్టుకుని లాగలేక 1881 నాటికి యంత్రాల వ్యాపారం అమ్మేసుకుని బార్ చూసుకున్నాడు. మిమ్మల్ని పుట్టించినవాడే మీతో వేగలేకపోతే, నేనెంత?

అందుకని ఇవాళ్టి నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాను, కోపగించుకోవద్దు. రోజూ రాత్రి పన్ను డబ్బు, బాకీల డబ్బు మీ కడుపులోంచి తీసి వేరే ఖాతాలో వేసేస్తాను. తమరు కాస్త చిక్కినట్టు కనిపిస్తారు. కనిపించండి, మా బావమరిది కూడా చూడాలి. గడువు దాకా ఆగకుండా హోల్‌సేలర్‌కు నేనే ఫోన్ చేశాను, సగం ఇప్పుడు, సగం వచ్చే నెల అని. పది రోజులు ఆ ఫోన్ తలుచుకుని గుండె దడ పెంచుకున్నాను. మాట్లాడింది రెండు నిమిషాలు. “అలాగే కానివ్వండి” అన్నాడాయన. ఆర్డర్లకు చివరి తేదీ రాసి మీ నెత్తి మీదే అంటించాను. తొమ్మిది దాటాక ఆర్డర్ల జోలికి పోను. సున్నాలు పొద్దున్నే లెక్కపెట్టుకుంటాను.

రాత్రి తొమ్మిదికి మీకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఎవరైనా షట్టర్ తట్టి “ఒక్కటే అండీ” అంటే, నేను లేనని చెప్పండి.

ఇట్లు,
మీ యజమాని
(అలాగనే చెప్పుకుంటున్నాను)

తా.క.: మీ బంధువర్గంలో ఎవరికైనా అట్టపెట్టెలు కావాలేమో కనుక్కోగలరు. ఇంకా 1,740 ఉన్నాయి.