గార్నెట్ సిరామిక్ బిళ్ళ గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ సిరామిక్ బిళ్ళ గారికి,

మీ పూర్తి పేరు లిథియం లాంథనం జిర్కోనియం ఆక్సైడ్ అనీ, గార్నెట్ అన్నది మీ స్ఫటిక నిర్మాణం పేరనీ తెలుసు. ఊపిరి చాలక కుదించాను, మన్నించాలి.

మీలో లిథియం అయాన్లు (విద్యుదావేశమున్న లిథియం కణాలు) చురుగ్గా కదులుతాయని 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించిన నాటి నుంచి మీ మీద పెట్టుకోని ఆశ లేదు. ఇప్పటి బ్యాటరీల్లో ఆ అయాన్లను ఒక ఎలక్ట్రోడ్ నుంచి మరో ఎలక్ట్రోడ్‌కు చేర్చేది మండే సేంద్రియ ద్రవం. మీరేమో వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీలో కాలి వచ్చినవారు, మీకు నిప్పంటించడం ఎవరి తరం? ద్రవాన్ని తీసేసి ఆ చోట మిమ్మల్ని కూర్చోబెడితే ఇక నిశ్చింతే అనుకున్నాం.

మిమ్మల్ని కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. అయాన్లు వేగంగా నడవాలంటే మీ స్ఫటికం క్యూబిక్ (ఘనాకార) రూపంలో ఉండాలి. మామూలు వేడిలో మీకు నచ్చేదేమో టెట్రాగోనల్ (ఒక వైపు సాగిన ఘనం లాంటి) రూపం, అందులో వాటి నడక వంద రెట్లు నెమ్మది. మిమ్మల్ని ఒప్పించడానికి కాస్త అల్యూమినియమో టాంటలమో సమర్పించుకోవాలి. బట్టీలో మీ లిథియం ఆవిరైపోకుండా మీ పొడిలోనే మిమ్మల్ని పూడ్చి కాల్చాలి. ఇంతా చేసి బయటికి తీస్తే, తేమ గాలి తగలగానే ఒంటి నిండా లిథియం కార్బొనేట్ పొర! ఇక ఎలక్ట్రోడ్‌గా మీకు అతికించబోయిన కరిగిన లిథియం లోహం మీ మీద తామరాకు మీది నీటిబొట్టులా దొర్లిపోతుంది.

ఇవన్నీ భరించాం, మీ గట్టితనం చూసి. లిథియం చాకుతో కోస్తే తెగేంత మెత్తన. దృఢత్వంలో మీరు దానికి ఎన్నో రెట్లు. ఆ మెత్తని లోహం మిమ్మల్ని దాటుకుని రాలేదని సిద్ధాంతం కూడా చెప్పింది. తీరా వేగంగా ఛార్జ్ చేస్తే, మీ ఉపరితలం మీద కంటికి ఆనని ఒక నెర్రెలో లిథియం చేరింది. వెనకాల మరికొంత వచ్చి తోసింది. నెర్రె చీలింది. మీలోని రేణువుల సరిహద్దుల వెంట నల్లని లిథియం పోగులు అవతలి ఒడ్డుకు చేరాయి, షార్ట్ సర్క్యూట్! గట్టితనం వేరు, పగలకుండా ఓర్చుకునే గుణం వేరు అని అప్పటికి గాని మాకు బోధపడలేదు. సిద్ధాంతం లెక్కలో మీకు లోపమన్నదే లేదు. లెక్కలో ఉన్న మీరు వేరు, బట్టీలోంచి వచ్చే మీరు వేరు.

పైగా బరువొకటి. ఘన సెంటీమీటరుకు ఐదు గ్రాములకు పైనే, ద్రవానికి నాలుగు రెట్లు. అందుకే మీరు కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందానికి చిక్కాలి. చిక్కితే విరుగుతారు. (ప్రయోగశాలలో మిల్లీమీటరు మందాన దర్జాగా ఫొటోలు దిగుతారు, అది వేరే సంగతి.)

మీ బంధువు అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్‌ను) చూడండి. ఇప్పటి బ్యాటరీల్లోనే ఎలక్ట్రోడ్లు ఒకదానికొకటి తగలకుండా అడ్డుండే ప్లాస్టిక్ సెపరేటర్ మీద కొన్ని మైక్రాన్ల పూతగా పడి ఉంటాడు. వేడికి ప్లాస్టిక్ ముడుచుకుపోబోతే పట్టి ఉంచుతాడు. ఆయన మీద పతాక శీర్షికలు లేవు, విప్లవ ప్రకటనలూ లేవు.

మీరు జవాబు రాయనక్కర్లేదు. ముందు ఒంటి మీది నెర్రెలు పూడ్చుకోండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ పాత బ్యాటరీతోనే కాలక్షేపం చేస్తున్న ఒక వినియోగదారుడు