షుగరు ఇంట్లో ఉంటే పాతికేళ్లకే పరీక్ష

'మా వంశంలోనే ఉంది, ఎలాగూ వస్తుంది.' అమలాపురంలోనైనా భీమవరంలోనైనా షుగరున్న ఇంటి పిల్లలు అనే ఈ మాటలో నిజం సగమే. మిగతా సగం చేతుల్లోనే ఉందని తెలియక డెల్టాలో ఎందరో విలువైన పదేళ్లు పోగొట్టుకుంటున్నారు.

పెద్ద వయసులో వచ్చే మధుమేహానికి ఏ ఒక్క జన్యువూ కారణం కాదు. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు కూడితే ముప్పు పెరుగుతుంది. వాటిలో బలమైనది టీసీఎఫ్7ఎల్2 జన్యువులోది. ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు 2006లో దాన్ని గుర్తించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే సంక్రమిస్తే ముప్పు సుమారు రెట్టింపు. ఆ తేడా ఉంటే భోంచేశాక క్లోమం వదలాల్సినంత ఇన్సులిన్ వదలదు. అయినా అది ఉన్నవారందరికీ షుగరు రాదు, లేనివారికి రాదన్న పూచీ లేదు. అమెరికాలో జరిగిన మధుమేహ నివారణ అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గి వారానికి 150 నిమిషాలు నడవాలన్న లక్ష్యం పెట్టుకున్నవారిలో ఈ జన్యువు ప్రభావం బాగా తగ్గింది. చెన్నైలో మనవారిపైనే జరిపి 2006లో వెల్లడించిన అధ్యయనంలో తిండి, నడక మార్పులతో ముప్పు 28.5 శాతం తగ్గింది.

కాబట్టి వేలు పోసి జన్యు పరీక్ష చేయించుకోవడం కంటే అమ్మానాన్నల ఆరోగ్యం గురించి అడగడం మేలు. ఒకరికి షుగరుంటే పిల్లలకు జీవితకాలంలో వచ్చే అవకాశం సుమారు 40 శాతం, ఇద్దరికీ ఉంటే 70 శాతం. జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చే సందర్భం వేరు: సన్నగా ఉన్నవారికి 25 ఏళ్లలోపే షుగరు వచ్చి, అది తరం తరాన కనబడితే. అలాంటి షుగరులో ఒక రకానికి ఇన్సులిన్ కంటే మాత్రలే బాగా పనిచేస్తాయి.

ఇక రక్త పరీక్ష. పరగడుపు చక్కెర 100 లోపుందని ఊరుకోకూడదు. మనవాళ్లలో చాలామందికి ముందు పెరిగేది భోజనం తర్వాతి చక్కెరే. దాన్ని తెలుసుకోవాలంటే 8 గంటలు ఏమీ తినకుండా, 75 గ్రాముల గ్లూకోజును 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగి, 2 గంటలు కూర్చోవాలి. అప్పుడు 140 నుంచి 199 వస్తే షుగరుకు ముందు దశ, 200 లేదా అంతకు మించితే షుగరే. ముందు మూడు రోజులు అన్నం మానేసి వస్తే ఫలితం తప్పుగా ఎక్కువ చూపుతుంది. లంక గ్రామంలో తీసిన రక్తాన్ని పంటు (పెద్ద పడవ) మీద ఏరు దాటించి మధ్యాహ్నానికి ల్యాబుకు చేరిస్తే మరో పొరపాటు: కణాలను వేరుచేయని రక్తంలో ఆ కణాలే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తాయి. షుగరున్న మనిషికీ లేదని తేలవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని కూడా ఇనుము లోపమున్న ఆడవారిలో గుడ్డిగా నమ్మకూడదు, అది ఎక్కువ చూపుతుంది.

మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుము కూడా హెచ్చరికే. సన్నటి చేతులు, ముందుకొచ్చిన పొట్ట మన శరీరాల తీరు. రెండు పూటలా పాలిష్ బియ్యమే తినే డెల్టాలో, కోత యంత్రాలొచ్చాక ఒంటి కష్టం తగ్గిన చోట ఈ కొలత చాలా ముఖ్యం. జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ స్క్రీనింగ్ 30 ఏళ్ల నుంచి మొదలవుతోంది. తల్లికో తండ్రికో షుగరున్నవారికి దాన్ని 25కు దించాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గ్లూకోజు పొట్లాలు, రక్తాన్ని వెంటనే వేరుచేసే యంత్రం, రెండు గంటలు కూర్చోడానికి బల్లలు ఉండాలని కోరుతున్నాం.